కందెన మొదలు రబ్బరు బుష్షు వరకు

హైదరాబాదు నగరమునకు తూర్పున, చాదర్‌ఘాటు వంతెన దాటి, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటల మీదుగా ఎల్.బి. నగర్ కూడలిని చేరి, అచ్చటినుండి హయత్‌నగర్ ముఖముగా కృష్ణాతీరమునకు సాగిపోవు రాజమార్గము గోలకొండ సుల్తానులనాటి మచిలీపట్నము బాటకు వారసురాలు. ఈ బాటను త్రొక్కిన సైన్యములను గూర్చియు, వర్తకులను గూర్చియు, నేడు దీని నడినెత్తిన కాంక్రీటు స్తంభములపై పరువెత్తు మెట్రోరైలును గూర్చియు వ్రాసినవారు పలువురు కలరు. కాని ఆ బాటమీద నడచిన బండ్లలో లోహము లోహముతో ఒరసికొని అరిగిపోకుండ అడ్డుపడిన పిడికెడు వస్తువును గూర్చి వ్రాసినవారు అరుదు. మెకానిక్కులు దానిని బుష్షు అందురు. నీళ్లకడవకును తలకును నడుమ చుట్టకుదురు ఎట్టిదో, బండి చట్రమునకును కమాను కట్టకును నడుమ బుష్షు అట్టిది. బరువు దాని మీదుగానే దిగును, ఒరిపిడి మాత్రము దానితో ఆగిపోవును.

ఈనాడు జిప్సీనో థార్‌నో కొని, దాని ఎత్తు పెంచి, పెద్ద టైర్లు తొడిగి, ఆదివారమునాడు రాచకొండ గుట్టల దారి పట్టు యువకులు రబ్బరు బుష్షు వేయింపవలెనా, పాలీయురెథేన్ వేయింపవలెనా, నైలాన్ చాలునా, గన్‌మెటలే మేలా అని తర్జనభర్జనలు పడుచుందురు. ఈ ప్రశ్న వారికి క్రొత్తగా తోచుచున్నను, ఎద్దుబండి తోలినవాడు మొదలుకొని పంచాయతీ సమితి జీపు నడపిన డ్రైవరు వరకు ఈ బాటవాసులందరు దీనికి తమతమ కాలమునకు తగిన సమాధానము చెప్పుకొనినవారే. ఆ సమాధానములను వరుసగా పరిశీలించినచో నాకు తోచునదేమనగా, ఏ బుష్షు నిలిచినది, ఏది నిలువలేదు అను తీర్పును సరకు పట్టికలుగాని ప్రకటనలుగాని ఎన్నడును ఈయలేదు. బాటయు, బండిక్రింద దూరి దానిని కనిపెట్టుకొనియుండిన చేయియు ఈ రెండే ఇచ్చినవి.

ఎద్దుబండితో ఆరంభింతము. చక్రము నడుమనుండు కొయ్యకుండలో ఇనుపగొట్టమును దిగగొట్టి, దానిలోనుండి ఇరుసును దూర్చి, చక్రము ఊడిపోకుండ చివర సీల వేయుట మన వడ్రంగి, కమ్మరుల ఉమ్మడి విద్య. ఆ గొట్టమే మన ప్రాంతమునకు తెలిసిన తొలి బుష్షు. దానికి ఆహారము కందెన. ఆముదములో కాల్చిన గడ్డిమసిని కలిపి ముద్దచేసి, వెదురుగొట్టములోనో కొమ్ములోనో నింపి, బండి క్రింద వ్రేలాడగట్టుకొని పోవుట నిన్నమొన్నటివరకు రైతుకు నిత్యకృత్యము. ఈ బాటకు తూర్పుననున్న నల్లగొండ, దక్షిణముననున్న పాలమూరు ప్రాంతములు ఆముదపు పంటకు పేరెన్నికగన్నవి కావున, కందెనకు కరువు వచ్చిన కాలములేదు. కందెన మరచినవాని బండి కీచుమనుచు పోవుచుండగా పొలములలోని వారు తలలెత్తి నవ్వెడివారు. బుష్షు మొరపెట్టుకొనుట అనునది అంత పురాతనమైనది!

ఎద్దుబండికి కమాను లేదు. గోతిలో చక్రము పడిన దెబ్బ నేరుగా మనిషి వెన్నెముకకు తగులవలసినదే. ఇంగ్లండులో ఒబదయ్య ఇలియట్ అనువాడు 1804లో విల్లువంటి ఉక్కుపట్టీల జతలపై బండిని నిలుపు పద్ధతికి పేటెంటు పొందిన తరువాత, కమాను కట్టలు గుఱ్ఱపు బగ్గీలకును, ఆ పిదప మన జట్కాలకును, మోటారుబండ్లకును సంక్రమించినవి. కమాను వచ్చుటతో బుష్షు స్థానము మారినది. బరువు పడినప్పుడు పట్టీ చదునై దాని పొడవు పెరుగును. గతుకు దాటగానే మరల వంపు తిరిగి పొడవు తగ్గును. ఈ హెచ్చుతగ్గులకు తావిచ్చుటకై పట్టీ యొక్క ఒక కొనను చట్రమునకు ఒక పిన్నుతో బిగించి, రెండవకొనను షాకిల్ అను ఊగు లంకెకు తగిలింతురు. ఆ కొనలయందు పట్టీని గుండ్రముగా చుట్టగా ఏర్పడిన రంధ్రములోనే బుష్షు కూర్చుండును. చక్రము లేచిపడినప్పుడెల్ల పిన్ను ఆ బుష్షులో కొంచెము తిరుగును. ఎల్.బి. నగర్‌నుండి సూర్యాపేట చేరులోపల ఆ తిరుగుట ఎన్ని వేల మారులు జరుగునో లెక్కించినవారు లేరు.

నిజాము ప్రభుత్వ రైల్వేశాఖవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించినప్పుడు, ఆ బండ్ల కమానులలో కంచుజాతి బుష్షులును, వానికి గ్రీజు పట్టించుటకు నిపిళ్లును ఉండెడివి. రాగి నూటికి 88 పాళ్లు, తగరము 10, తుత్తునాగము 2 పాళ్లుగా కలిపిన మిశ్రమమునకు గన్‌మెటల్ అని పేరు. పూర్వము ఫిరంగులు పోతపోసినది ఈ కోవకు చెందిన లోహముతోనే. ఇచ్చట ఒక ముచ్చట చెప్పక తప్పదు. దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరమున, ఆస్మాన్‌గఢ్ గుట్టమీద, 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని మాన్సియర్ రేమండ్ సమాధి కలదు. జనులు మూసా రాముడని పిలుచుకొనిన ఈయన రెండవ నిజాము కొలువులో ఫిరంగుల పోతశాలను నడపినవాడు. నగరమునందలి గన్‌ఫౌండ్రీ పేట దాని జ్ఞాపకమే. ఆ పోతశాలకును ఈ మెకానిక్కుల బుష్షులకును చారిత్రక సంబంధమును కల్పించుటకు నేను సాహసింపను. కాని శత్రువులపై గుండ్లు కురిపించుటకు పుట్టిన లోహము, ఆ సేనాని సమాధి నీడను, జీపు కమానులో నోరుమూసికొని గ్రీజు త్రాగుచు కూర్చుండుట చూచినప్పుడు లోహములకును వార్ధక్యములో శాంతి లభించునేమో యనిపించును.

జీపు రాకతో మన కథ నిజముగా మొదలగుచున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. యుద్ధము ముగిసిన తరువాత వానిలో అనేకములు మిగులు సరకుగా మన దేశమునందు అమ్ముడుపోయినవి. 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు సంస్థానముపై పోలీసుచర్య ఆరంభము కాగా, ప్రధానసేన షోలాపురము వైపునుండి కదలెను. మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వమున మరియొక దళము బెజవాడ వైపునుండి ఈ బాటమీదుగానే వచ్చెను. ఆ దశాబ్దము ముగియకముందే మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట ఆరంభించినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకములును, 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశములో పంచాయతీరాజ్ వ్యవస్థయు అమలులోనికి వచ్చుటతో, జీపు సైనికవేషము విడిచి అధికారవేషము ధరించినది. సమితి జీపు వచ్చినదనగా ఊరిలో కరణము కండువా సవరించుకొనెడివాడు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నిర్మాణము సాగినంతకాలము, ఈ తూర్పు పొలిమేరలనుండి సాగర్ దారిని ఇంజనీర్లయొక్కయు, కాంట్రాక్టర్లయొక్కయు జీపులు ఎడతెగక తిరిగినవి. నేడు బి.ఎన్. రెడ్డి నగర్, కర్మన్‌ఘాట్ అని మనము పిలుచు ప్రాంతములు అప్పటికి చాలవరకు పొలములు, బండరాళ్లు, తుమ్మచెట్లు.

ఆ తొలి జీపుల షాకిల్ నిర్మాణము విచిత్రమైనది. అది ఆంగ్ల 'యు' అక్షరాకృతి గల ఒకే ఉక్కుముక్క. దాని రెండు కొమ్ములకును మరలు కోసియుండును. ఆ మరలమీదికి లోపల మరలు గల ఉక్కుబుష్షును త్రిప్పి ఎక్కింతురు. చక్రము ఊగినప్పుడు బుష్షు మరలలోనే అటునిటు తిరుగును. కొన్ని షాకిళ్లకు మరలు కుడివైపునకును, కొన్నింటికి ఎడమవైపునకును ఉండుటచేత, ఆ గుర్తు తెలియని క్రొత్త కుఱ్ఱవాడు ఎడమ మరల బుష్షును కుడివైపునకు బిగింపబోయి మరలన్నియు చెరిపివేసి ఉస్తాదుచేత మొట్టికాయలు తినుట ఆ వృత్తిలో ఉపనయనము వంటిది. గ్రీజు సకాలమున పడినంతవరకు ఈ యేర్పాటు దృఢమైనదే. పడనినాడు దుమ్మును గ్రీజును కలిసి రాపిడి మందుగా మారి, మరలను మరలే నమిలివేయును.

అసలు విడిభాగములు పుత్లీబౌలిలోనో రాణిగంజులోనో దొరకనప్పుడు, లేక దొరకినను ధర అందనప్పుడు, లేత్ షాపు దిక్కయ్యెను. పాత పంపుల ఇంపెల్లర్లు, విరిగిన కుళాయిలు, అరిగిన బుష్షులు అన్నియు మూసలో కరగించి, నడుమ రంధ్రము కొరకు ఇసుకకడ్డీ నిలిపిన అచ్చులో పోసి, చల్లారిన దిమ్మెను లేతుమీద ఎక్కించి తొలుచుట ఆ పని. వెలుపలి కొలత కమాను రంధ్రముకంటె ఒకటి రెండు తౌలు ఎక్కువ; లోపలి కొలత పిన్నుకంటె ఇంచుక ఎక్కువ. తౌ అనగా అంగుళములో వేయవవంతు. బుష్షును వైసునందు పెట్టి రంధ్రములోనికి నొక్కినప్పుడు అది లోపలికి ముడుచుకొని పిన్నును పట్టనీయదు. అప్పుడు రీమరు త్రిప్పి, పిన్ను తన బరువుతో తాను జారకుండ, బొటనవ్రేలితో నెట్టినంతనే దూరునట్లు చేయవలెను. ఈ పరీక్షకు కొలబద్ద లేదు. ఉస్తాదు బొటనవ్రేలే కొలబద్ద. లోపలి గోడలో గ్రీజు పారుటకు సన్నని కాలువ కోయుటయు, ఆ కాలువ బరువుపడు వైపునకు రాకుండ చూచుటయు తెలిసినవాడు పనివాడు; తెలియనివాడు కేవలము గొట్టములు చేయువాడు. మిశ్రమపు పాళ్లు ఎవరికిని నిశ్చయముగా తెలియని ఆ పోతలలో కొన్ని బుష్షులు దశాబ్దము మన్నినవి, కొన్ని వర్షకాలము దాటలేదు. అయినను ఒక సత్యము గ్రహింపదగినది: సమితి జీపులకు డ్రైవరు ఉండెను, డ్రైవరునకు జీతము ఉండెను, వారమునకొకసారి జీపు క్రింద పడుకొని గ్రీజుగన్ను నొక్కుట ఆ జీతములో భాగమై యుండెను. గన్‌మెటల్ బుష్షు విజయము ఆ డ్రైవరు విజయము.

రబ్బరు కథ వేరు. 1839లో చార్లెస్ గుడియర్ గంధకముతో రబ్బరును ఉడికించి దానికి స్థిరత్వము కలిగించెను. తరువాత దానిని ఉక్కుగొట్టములకు అంటించు విద్య అబ్బినప్పుడు, లోపల ఒక గొట్టము, వెలుపల ఒక గొట్టము, నడుమ రబ్బరు గల బుష్షు 1920వ దశకమునుండి ఐరోపాలో వ్యాపించినది. సైలెంట్‌బ్లాక్ అను దాని వ్యాపారనామము నేటికిని మన మెకానిక్కుల నోట మెలగుచున్నది. ఈ బుష్షులో ఏదియు ఒరసికొనదు. లోపలి గొట్టమును బోల్టు గట్టిగా పట్టుకొనును, వెలుపలి గొట్టమును కమాను పట్టుకొనును, నడుమనున్న రబ్బరు మెలిపడి మరల తేరుకొనును. ఒరిపిడి లేనిచోట గ్రీజుతో పనిలేదు. సొంత డ్రైవరులేని మధ్యతరగతి యజమాని కొరకు పుట్టిన వస్తువు ఇది. 1985 డిసెంబరులో వచ్చిన మారుతి జిప్సీ నాలుగు చక్రములకును కమాను కట్టలే. వానికి రబ్బరు బుష్షులే. తరతరములుగా గ్రీజుగన్ను చేతబట్టిన ఉస్తాదులు కొందరు ఈ బుష్షునకును ప్రేమతో గ్రీజు పట్టించిరి. గ్రీజులోని ఖనిజనూనె తగిలిన సహజరబ్బరు ఉబ్బి, మెత్తబడి, విడిపోవును. కంపెనీ మాలు నాసిరకమని వారు నిందించిరి. తప్పు మాలుది కాదు, అలవాటుది.

రబ్బరు బుష్షు వచ్చిన ఈ కాలముననే ఈ తూర్పు ప్రాంతము రూపు మారినది. పండ్ల మార్కెట్టు 1980వ దశకమున మొజంజాహీ మార్కెట్టునుండి గడ్డిఅన్నారము చేరుటతో, మామిడికాలమున లారీలు కొత్తపేట రోడ్డున బారులుతీరెను. వనస్థలిపురము దాటిన తరువాత ఆటోనగర్ వెలసి, కమాను కట్టలను కాల్చి సుత్తెతో వంపు తెచ్చు షెడ్లు, లేతులు, బాడీ పనివారలు అచ్చట గుమిగూడిరి. దాని పొరుగుననే, ఒకప్పుడు నిజాముల వేటభూమియైయుండి 1975లో కృష్ణజింకల కొరకు ప్రత్యేకింపబడిన మహావీర్ హరిణ వనస్థలి కలదు. సుత్తెదెబ్బలును జింకలును ఒకే గాలిని పంచుకొనుచున్నవి. 2007 ఏప్రిల్ 16న ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారము పురపాలికలు మహానగరములో లీనమైనవి; 2018 సెప్టెంబరు 24న మెట్రో ఎల్.బి. నగర్ వరకు వచ్చినది. ఈ నడుమ కాలమంతయు కూడలివద్ద కమాండర్ జీపులు, లోపల పదిమంది, వెనుక మెట్టుమీద నలుగురు, పైన మూటలతో, ఇబ్రహీంపట్నము దిక్కునకును, చౌటుప్పల దిక్కునకును కేకలు వేసి జనమును పిలిచెడివి. ఆ బండ్ల బుష్షులు అనుభవించినది ఏ పరిశోధనశాలయు పెట్టని పరీక్ష. రబ్బరు చినిగినప్పుడు వానికి పాత టైరునుండి కోసిన ముక్కలును, లేతుమీద తిప్పిన నైలాన్ బుష్షులును వేసెడివారు. నైలాన్ అరుగదు గాని లొంగదు. రహదారి దెబ్బను చట్రమునకు అప్పగించి తాను తప్పించుకొనును. ఆ కాలపు కమాండర్లలో షాకిల్ బ్రాకెట్ల వెల్డింగులు అంత తరచుగా విచ్చుటకు నైలానును ఒక కారణమని నా అభిప్రాయము.

ఇక మార్పుచేసిన బండ్ల కాలము. హర్యానాలోని మండీ డబ్వాలి పాత జీపులను క్రొత్త రూపములలో కట్టి అమ్ముటకు దేశమంతట పేరొందినది. అట్టి జీపులు మన పెండ్లి ఊరేగింపులలో మొదట, గుట్టదారులలో తరువాత కానవచ్చినవి. 2010లో వచ్చిన మొదటి థార్‌కు ముందు టార్షన్‌బారుతో కూడిన స్వతంత్ర సస్పెన్షన్, వెనుక కమాను కట్ట. 2020లో వచ్చిన రెండవ థార్‌కు వెనుకను చుట్టస్ప్రింగులు, ఇరుసును పట్టు పలు లింకులు. 2023లో జిమ్నీ వచ్చినది. కమాను పోయి లింకులు వచ్చిన కొలది బుష్షుల సంఖ్య పెరిగినది, వాని బాధ్యత మారినది. పూర్వము బుష్షు కమానును ఊగనిచ్చిన చాలును. ఇప్పుడు ఇరుసు ఎటు కదలవలెనో ఎటు కదలరాదో అదియే నిర్ణయించుచున్నది.

1937లో ఒట్టో బాయర్ జర్మనీలో కనుగొనిన పాలీయురెథేన్ ఈ దశలో రంగమెక్కినది. ఎఱుపు, పసుపు, నీలిరంగులలో మెరయుచు, రబ్బరుకంటె గట్టిదై, నూనెకు లొంగనిదై, కొనువానికి కంటికింపుగా కనబడును. తారురోడ్డుమీద వేగముగా మలుపు తిరుగునప్పుడు బండిని నిలకడగా పట్టుకొను గుణము దానికి కలదు. కాని గుట్టదారి కోరునది నిలకడ కాదు, లొంగుబాటు. ఒక చక్రము బండమీదను, ఎదురుచక్రము గోతిలోను ఉన్నప్పుడు ఇరుసు చట్రమునకు ఏటవాలుగా తిరుగవలెను. అప్పుడు బుష్షు తన అక్షముచుట్టు తిరుగుటయే గాక ప్రక్కలకును నలిగి చోటీయవలెను. జిమ్నీవలె ముందు ఇరుసును రెండు పొడవైన చేతులు పట్టుకొనియుండి, ఒక్కొక్క చేయి ఇరుసునకు రెండేసి బుష్షులతో బిగిసియున్న నిర్మాణములో, ఆ నలుగుటయే ఇరుసునకు స్వేచ్ఛ. అచ్చట గట్టి పాలీ బుష్షులు దిగవేసినచో ఇరుసు మెలిపడలేక, చక్రము నేలను వదలి గాలిలో తేలును. భారము బ్రాకెట్లకు ప్రాకును. పైగా పాలీ సాధారణముగా గొట్టములకు అంటుకొని యుండదు, వానిమీద తిరుగుచుండును. కనుక దానికి సిలికాన్ గ్రీజు కావలెను, అది పట్టింపనివాని బండి కీచుమనును. ఎద్దుబండి కందెన ఇన్ని శతాబ్దముల తరువాత రంగుడబ్బాలో మరల వచ్చినదన్నమాట. రైతు దానిని మరచెడివాడు కాడు, మన యువకులు మరచుచున్నారు.

గన్‌మెటల్‌ను పూర్తిగా త్రోసిపుచ్చను. పాత విల్లీస్‌ను ఉన్నదున్నట్లు కాపాడుకొనుచు, నీటిలోనికి దింపిన ప్రతిసారి ఇంటికి రాగానే నిపిల్ వద్ద మురికి గ్రీజు వెలికివచ్చి శుభ్రమైనది కనబడువరకు గన్ను నొక్కు ఓపిక కలవానికి దానిని మించినది లేదు. అట్టి ఓపిక లేనివాడు దాని జోలికి పోరాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు పరిసరములందలి కాలనీలలో బండ్లు రోజులకొలది నీట నానినవి. లోహపు బుష్షులలోని గ్రీజునకు అట్టి నీరు చేయు హాని పైకి కనబడక, నెలల తరువాత శబ్దరూపమున బయటపడును.

బండి ఎత్తు పెంచుటను గూర్చియు ఒకమాట. షాకిల్ పొడిగించి ఎత్తు తెచ్చుట చౌకదారి. దానివలన ఇరుసు వాలు మారి, స్టీరింగు తనంతట తిన్నబడు గుణము చెడును, బుష్షు తన సహజస్థానమున గాక సదా మెలికలో నుండవలసివచ్చును. చట్టమును ఉన్నది. 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన స్వరూపమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియమమును గట్టిగా సమర్థించినది. అరిగిన బుష్షును అదే కొలతగల బుష్షుతో మార్చుటకును, బండిని పెంచి కట్టుటకును గల భేదమును యజమానులు గుర్తెరుగవలెను.

గుట్టదారికి పోవువారికి నా సలహా ఇది. కమాను కొనలకును, ఇరుసు చేతులకును మంచి రబ్బరు బుష్షులే వేయింపుడు. గట్టి పాలీయే కావలెనను వేడుక యున్నచో మలుపులలో బండిని ఒరగనీయని యాంటీరోల్ బారు వద్ద తీర్చుకొనుడు. రబ్బరుకు గ్రీజు తగులనీయకుడు. అన్నింటికంటె ముఖ్యముగా, బండిని జాకీమీద లేపి చక్రములు వ్రేలాడుచుండగా బోల్టులు బిగించు మెకానిక్కును ఆపి, చక్రములు నేలనాని బండి బరువు కమానులమీద పడిన తరువాతనే చివరి బిగింపు వేయింపుడు. లేనియెడల రబ్బరు మొదటిదినమునుండియే మెలిపడి, ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనను కొద్దినెలలలోనే చినుగును.